తలుపు చాటు ఇంగ్లీషు

మా మామయ్య పోయారు. పోయిన నెల, వరికోతలు నడుస్తున్న రోజుల్లో, తెల్లవారిన తరువాత, మా ఇంట్లోనే పోయారు. మీలో చాలామందికి ఫోనులో తెలిసే ఉంటుంది. కొందరు వచ్చి చూసి వెళ్లారు. రాలేకపోయిన వారి కోసం మళ్లీ చెబుతున్నాను. ఆయన దగ్గర చదువుకున్న మీరంతా కలిసి ఆయన మీద ఒక చిన్న పుస్తకం వేస్తున్నారని, ఇంటివాళ్లు కూడా ఏదైనా రాసివ్వాలని అడిగారట. మా ఆయన కాగితాలు తెచ్చి నా ముందు పెట్టాడు. "నాతోని కాదు. నువ్వే రాయి. నాయన నాకంటే నీకే ఎక్కువ సదువు చెప్పిండు" అన్నాడు.

ముందుగా నన్ను క్షమించండి. నేను ఏడో తరగతి వరకే చదివాను. ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను. నా అక్షరాలు కోడి కెలికినట్టు ఉంటాయి. మీరు సారు దగ్గర గుండ్రటి చేతిరాత నేర్చుకున్నవాళ్లు. తప్పులు కనిపిస్తే మనసులోనే దిద్దుకుని చదవండి.

మీకు ఆయన సారు. నాకు మామయ్య. మీరు ఆయనకు ఎదురుగా కూర్చుని చదువుకున్నారు. నేను తలుపు వెనక నిలబడి చదువుకున్నాను. ఆ సంగతి మీలో ఎక్కువమందికి తెలియదు కాబట్టి అదే రాస్తాను. ఆయన గొప్పతనం గురించి రాయడం నాకు చేతకాదు, అది మీరు రాయండి.

మాది మునగాల దగ్గర తండా. మా పుట్టింటివాళ్లది మిర్యాలగూడ వైపు ఇంకో తండా. ఇంట్లో మా మాట లంబాడీ. కానీ ఎన్నో ఏళ్లు నడిగూడెం వైపు బడుల్లో పనిచేసిన మామయ్యకు తెలుగే నోటికి అలవాటు. అత్త రెండూ కలిపి మాట్లాడుతుంది. నేను ఇక్కడ అందరి మాటలూ తెలుగులోనే రాస్తున్నాను. మా ఇళ్లలో కోడలు మామతో మాట్లాడకూడదు. ఆయన ముందుకు వెళ్లాల్సి వస్తే నెత్తి మీది కొంగు కళ్ల దాకా దించుకోవాలి. ఇప్పుడు చాలా ఇళ్లలో ఈ పట్టింపు పోయింది. మా ఇంట్లో పోలేదు. అత్త పోనివ్వలేదు.

నేను కాపురానికి వచ్చేసరికే మామయ్య రిటైరయ్యారు. సాయంత్రం పూట వరండాలో తండా పిల్లలకు, చుట్టుపక్కల ఊళ్ల పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవారు. వరండాను ఆనుకునే మా వంటిల్లు. మధ్యలో ఒక తలుపు. అది ఎప్పుడూ సగం మూసే ఉండేది. ఇవతల నేను కూర వండుతూ ఉంటే అవతల ఆయన పాఠం చెబుతూ ఉండేవారు.

నాకు ఏదైనా చెప్పాలంటే ఆయన నాతో చెప్పేవారు కాదు, తలుపుతో చెప్పేవారు.

"తలుపూ, జర చాయ్ పెట్టమను."

"తలుపూ, కోడలికి జరమొచ్చిందట గదా. గోలీ ఏసుకున్నదా అడుగు."

మొదట్లో పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వేవాళ్లు. తరువాత వాళ్లకూ అలవాటైపోయింది. అత్త మాత్రం ఊరుకునేది కాదు.

"ఇంట్ల నేనొకదాన్ని లేనా? తలుపుతోని ఏం ముచ్చట్లు నీకు?"

"నీకంటే తలుపే నయం. చెప్పింది చెప్పినట్టు అందిస్తది. నీకు చెప్తే నాలుగు కలిపి చెప్తవ్."

నాకు నవ్వొచ్చినా కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని. మామకు నవ్వు కూడా వినిపించకూడదు.

నా చదువు ఎలా మొదలైందంటే, ఒకరోజు ఆయన పిల్లలకు హ్యావ్, హ్యాజ్ చెబుతున్నారు. అప్పటికే చాలా రోజులుగా అదే పాఠం. వంటింట్లో వినీ వినీ నాకు నోటికొచ్చేసింది. "మా అన్న ఇల్లు కట్టిండు. మై బ్రదర్... హ్యావా, హ్యాజా?" అని అడిగారు. పిల్లలెవరూ పలకలేదు. ఆయన మళ్లీ అడిగారు. అప్పుడూ పలకలేదు. నేను పప్పు ఎనుపుతున్నాను. జవాబు గొంతు దాకా వచ్చింది, బయటికి పోనివ్వడానికి లేదు. తెలియకుండానే చేతిలో గరిటె గిన్నె అంచుకు తగిలి ఠంగుమంది.

వరండాలో అందరూ ఇటు తిరిగారు. నేను గోడ చాటుకు జరిగాను. మామయ్య, "తలుపూ, కోడలికి తెల్సినట్టున్నది. ఒక్కసారి కొడితే హ్యాజ్, రెండుసార్లు కొడితే హ్యావ్. మళ్ల కొట్టమను" అన్నారు.

గరిటె కొంగుకు తుడుచుకున్నాను. తరువాత ఒక్కసారి కొట్టాను.

"కరెక్ట్" అన్నారు.

బడి మానేసిన తరువాత ఎవరైనా నన్ను ఆ మాట అనడం అదే మొదటిసారి.

అప్పటినుంచి అది మా పద్ధతి అయింది. ఆయన అవతల నుంచి ఒక మాట అనేవారు, నేను ఇవతల నుంచి కొట్టేదాన్ని. తప్పు కొడితే ఆయన ఏమీ అనేవారు కాదు. ఊరికే ఉండిపోయేవారు. అంటే తప్పు నేనే వెతుక్కోవాలని అర్థం. ఒక ఆడపిల్ల, "సార్, మాగ్గూడ గిన్నెలియ్యున్రి, మేం గూడ పాసైతం" అని గోల చేసేది. అత్త గిన్నెలు తోముతూ దీర్ఘాలు తీసేది. "అన్ని సొట్టలే పడ్డయ్. ఇది ఇంగ్లీషు నేర్సుకునేసరికి వండనీకి గిన్నె మిగల్దు."

ఆ పాఠం పేరు ప్రెజెంట్ పర్ఫెక్ట్ అని మీకు తెలుసు. దాన్ని ఇంకోచోట "తిని ఉన్నాను, వెళ్లి ఉన్నాను" అని నేర్చుకుని వచ్చిన పిల్లలంటే మామయ్యకు చిరాకు. "ఏంరా, మీ నాయన ఇంటికొచ్చి, నేను తిని ఉన్నాను అంటడా? తిన్న అంటడు. ఆ మాట మనిషి మాట కాదు, పుస్తకం మాట" అనేవారు. "మనకు రెంటికీ ఒక్కటే మాట. ఇప్పుడు కడుపు నిండినా తిన్న అంటం, పోయినేడు పెండ్లిల తిన్నా తిన్న అంటం. ఇంగ్లీషోడు ఆ రెంటినీ వేరే వేరే గిన్నెలల్ల పెట్టుకున్నడు. అంతే."

కోదాడ బస్టాండు కథ మీరందరూ వినే ఉంటారు. "నువ్వు సంచి పట్టుకొని ఉరికొచ్చినవ్. మిర్యాలగూడ బస్సు పోయింది. పొగ ఇంకా అట్లనే ఉన్నది. నువ్వు నిలబడి సూస్తున్నవ్. గప్పుడు, ద బస్ హ్యాజ్ లెఫ్ట్. ఇగ రెండు రోజులైనంక మీ అమ్మకు చెప్తున్నవ్, మొన్న బస్సు పోయిందే అని. గప్పుడు హ్యాజ్ లేదు, గిజ్ లేదు. ఉత్త లెఫ్ట్." ఇంకా అనేవారు, "హ్యావ్ కు గడియారమంటే పడదు. నిన్న, మొన్న, పొద్దుగాల అన్నవా, పారిపోతది. పని ఎప్పుడైందో దానికి అక్కర్లే. అయిందా, దాని గుర్తు ఇప్పుడు నీ ముందర ఉన్నదా, గంతే దానికి కావాలె. చేసినోడు కనబడకున్నా సరే."

పిల్లలకు ఇది తొందరగా ఎక్కేది కాదు. నాకు మొదటి రోజే ఎక్కింది. ఎందుకంటే మా ఇంట్లో మేమిద్దరం బతికింది అలాగే. ఆయన ఒక పని చేస్తుండగా నేను ఎన్నడూ చూడలేదు, నేను చేస్తుండగా ఆయనా చూడలేదు. చాయ్ గ్లాసు గూట్లో పెట్టి నేను పక్కకు తప్పుకునేదాన్ని, తరువాత ఆయన వచ్చి తీసుకునేవారు. కోదాడ వెళ్లి వస్తే జామకాయలు అదే గూట్లో పెట్టి, ఒకసారి దగ్గి వెళ్లిపోయేవారు. దగ్గు వినబడితే నేను వెళ్లి చూసేదాన్ని. ఆ జామకాయలను చూస్తూ, హి హ్యాజ్ బ్రాట్ అని మనసులో అనుకునేదాన్ని. ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకు సరిగా తెలియదు. నాకు దోరకాయలు ఇష్టమని ఆయనకు తెలుసు. ఎలా తెలుసో నేను అడగలేదు.

రోజూ మధ్యాహ్నం ఆయన తిని చెయ్యి కడుక్కున్నాక కొంచెం ఆగి, "తలుపూ, హ్యాజ్ షీ ఈటెన్?" అని అడిగేవారు. నేను తిని ఉంటే ఒకసారి కొట్టేదాన్ని. తినకపోతే చప్పుడు ఉండేది కాదు. అప్పుడు అత్తకు పిలుపు.

"పిల్ల ఇంకా తినలే. ముందు దానికి పెట్టు."

"తినలేదని నువ్వెట్ల సూసినవయ్యా?"

"సప్పుడు రాలే గదా."

"మనోళ్లు ఎవరు కలిసినా మొదలు అడిగేది తిన్నవా అనే" అని ఒకసారి పిల్లలతో అన్నారు. "బాగున్నవా అని గూడ తర్వాతనే. తిన్నవా అంటే హ్యావ్ యూ ఈటెన్. గందుకే ఈ పాఠం మనకే అందరికంటే ముందు రావాలె."

నాకు మొదటి కాన్పు నిలవలేదు. ఇది రాయవచ్చో లేదో తెలియదు కానీ రాస్తున్నాను. ఆ రోజుల్లో నేను వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చుండిపోయేదాన్ని. చుట్టాలు వచ్చి ఏవేవో చెప్పి పోయారు. మామయ్య రావడానికి లేదు, ఓదార్చడానికి లేదు. మధ్యాహ్నం కాగానే మాత్రం తలుపు అవతల నుంచి, "హ్యాజ్ షీ ఈటెన్?" అని అడిగేవారు. నేను చప్పుడు చేసేదాన్ని కాదు. మరునాడు మళ్లీ అడిగేవారు. చివరికి ఒకరోజు నాలుగు ముద్దలు తిని, గరిటె తీసుకుని ఒకసారి కొట్టాను. ఆ రోజు ఆయన కరెక్ట్ అనలేదు. సాయంత్రం పిల్లలు వస్తే, ఇవాళ పాఠం లేదు, ఆడుకోండని పంపించేశారు.

ఆయనకు ఒక్క కోరిక ఉండేది. ఒకరోజు అత్తతో అంటుండగా విన్నాను.

"భాష చేతులతోని రాదు. గొంతుతోని వస్తది. ఇంత చెప్పిన గాని కోడలు ఎట్ల పలుకుతదో నాకు తెల్వదు. మొఖం సూడకున్నా సరే, తలుపెనక నుంచే ఒక్క మాట అననియ్యి. ఒక్కసారి ఇనాలని ఉన్నది."

అత్త చేతిలో పని పక్కన పెట్టింది. తరువాత మెల్లగా అంది.

"నేను మీ నాయనతోని మాట్లాడిన్నా? ఆయన పోయేదాక నోరిప్పలే. ఎండల పడొచ్చి కూసున్నోడికి దూపైతున్నదని తెల్సి గూడ, నీళ్లు కావాల్నా అని అడగలే. చెంబు పెట్టి పక్కకు జరిగిన. జీవితమంత గట్లనే జరిగిన. ఇప్పుడు ఇది మాట్లాడితే, నేను చేసిందంత ఉత్తదేనా?"

"ఉత్తది కాదు" అన్నారు మామయ్య. ఆ తరువాత ఆయన ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

అత్త మీద నాకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే, అత్త ఒప్పుకున్నా నాకు ధైర్యం ఉండేది కాదు. కిరాణా కొట్టులో కూడా నోటితో అడగకుండా వస్తువు వైపు వేలు చూపించే రకం నేను. కానీ ఆయన ఎదురుచూస్తున్నారని తెలిసిన తరువాత ఊరికే ఉండలేకపోయాను. అత్త చేనుకు, మామయ్య కోదాడకు వెళ్లినప్పుడు కొట్టంలో బర్రె ముందు నిలబడి ఐ హ్యావ్ ఈటెన్, ఐ హ్యావ్ ఈటెన్ అని చెప్పేదాన్ని. అది నమలడం ఆపి నన్ను చూసి, మళ్లీ నమిలేది.

మామయ్యకు షుగర్ ముందునుంచీ ఉంది. ఈ చలికాలంలో నెమ్ము కూడా చేరింది. సూర్యాపేటలో దవాఖానలో పెట్టాం. మా ఆయన ట్రాలీ నడుపుతాడు, మిర్యాలగూడ మిల్లులకు వడ్లు తోలే రోజులు అవి, వచ్చి పోతుండేవాడు. అత్తా నేనూ దగ్గర ఉన్నాం. అక్కడ తలుపు లేదు. మంచం కాళ్ల దగ్గర, కొంగు దించుకుని, కిటికీ వైపు తిరిగి నిలబడేదాన్ని. మామయ్య ఆయాసపడుతూనే పైకి చూసి, "ఫ్యానూ, కోడల్ని కూసోమను. కాళ్లు గుంజుతయి" అనేవారు. పక్క మంచం వాళ్లు, జ్వరం నెత్తికెక్కిందని జాలిపడ్డారు.

ఒక నర్సు అత్తను అడిగింది. "ఆ అమ్మకు మాటలు రావా?"

"అన్ని వస్తయి. మా దగ్గర మామ ముందర మాట్లాడరు."

"అయ్యో, దవాఖానల గూడానా?"

"దవాఖానల మామ, మామ కాకుండ పోతడా?" అంది అత్త.

ఒక పొద్దున, రాత్రి డ్యూటీ నర్సు వెళ్లిపోతూ మామయ్యకు షుగర్ ఇంజక్షన్ ఇచ్చి వెళ్లింది. అత్త కింద ఇడ్లీ తేవడానికి వెళ్లింది. ఇంతలో ఇంకో నర్సు వచ్చింది, కొత్తమ్మాయి. మంచం దగ్గరి కాగితం చూసింది, ట్రేలోంచి సూది తీసింది. "తాతా, షుగర్ ఇంజక్షన్" అంటూ చొక్కా చెయ్యి పైకి మడిచింది. మామయ్య మగతలో ఉన్నారు.

ఇప్పుడే ఇచ్చారు. అది పూటకు ఒక్కసారే ఇవ్వాలని డాక్టరు మా ముందే చెప్పాడు. ఎక్కువైతే మనిషి పడిపోతాడని కూడా చెప్పాడు.

నా చేతికి టిఫిను డబ్బా మూత దొరికింది. మంచం ఇనుప కడ్డీకి కొట్టాను. నర్సు తిరిగి చూసి, "ఏందమ్మా? ఏం కావాలె?" అంది. మళ్లీ కొట్టాను. చెయ్యి అడ్డంగా ఊపాను. "ఉండమ్మా, మాటలు రాకుంటే ఎట్ల సమజైతది. మీవోళ్లొచ్చినాక చెప్పు" అని దూదితో తుడవడం మొదలుపెట్టింది.

"ఇచ్చిన్రు!" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. వార్డంతా వినబడేలా అరిచినట్టున్నాను.

"రాత్రి సిస్టరమ్మ పోతా పోతా ఇచ్చింది. ఇగ ఇయ్యకున్రి. మల్ల ఇస్తే పాణానికే వస్తది."

నర్సు సూది ట్రేలో పెట్టేసి ఫోను చేసి కనుక్కుంది. నిజమేనని తెలిసింది. ఆ పిల్ల ముఖం తెల్లబోయింది. "మంచిగ చెప్పినవక్కా" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలి వెళ్లింది.

నేను కిటికీ వైపు తిరిగిపోయాను. వెనక నుంచి మామయ్య గొంతు వినబడింది. ఎప్పుడు మెలకువ వచ్చిందో తెలియదు.

"ఫ్యానూ. గదే మాట ఇంగ్లీషుల ఎట్లంటరో అడుగు."

ఎవరూ లేరు. అత్త రాలేదు. నేను కిటికీ ఊచలు పట్టుకుని, బయట ఆటోలను చూస్తూ, "దే హ్యావ్ గివెన్" అన్నాను.

చాలాసేపు ఏమీ వినబడలేదు. తప్పు చెప్పానేమో అనుకున్నాను.

"కరెక్ట్" అన్నారు.

అత్త ఇడ్లీ తెచ్చేసరికే వార్డులో అందరూ ఆమెకు చెప్పేశారు. అత్త ఇడ్లీ పొట్లం విప్పి ముందు నాకు పెట్టింది.

ఇంటికి వచ్చాక మామయ్యను ముందు గదిలో పడుకోబెట్టాం. మీరు కూర్చునే వరండా పక్కనే. ఆ గదికీ వంటింటికీ మధ్య కూడా తలుపు ఉంది. రెండు మూడు రోజులు ఎవరమూ దవాఖాన సంగతి ఎత్తలేదు. తరువాత ఒక పొద్దున, అత్త బియ్యం ఏరుతూ ఎవరి వైపూ చూడకుండా అంది.

"ఇంగ్లీషుల మాట్లాడుకుంటే మాట్లాడుకోన్రి. నాకు సమజ్ కాదు గనుక నేను ఇన్నట్టు గాదు."

మామయ్య మంచం మీద నుంచే నవ్వారు. నవ్వితే దగ్గు వచ్చింది. "చూసినవా తలుపూ, మీ అత్తను జడ్జిని చేయాలె."

నేను ధైర్యం చేసి ఆయన మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. కొంగు సరిచేసుకుని నేల చూశాను. ఆయనా గోడ వైపు చూస్తున్నారు. ఇన్నేళ్ల తరువాత ఎదురెదురుగా ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి ఆయనే, "తలుపెనకకు పో బిడ్డా. గాడ నుంచే చెప్పు. ఇద్దరికీ మంచిగుంటది" అన్నారు. బిడ్డా అని నన్నే నేరుగా అనడం అప్పుడే.

తలుపు వెనకకు వెళ్లి, నేను మొదటిసారి నా అంతట నేను ఒక ప్రశ్న అడిగాను.

"హ్యావ్ యూ ఈటెన్?"

"ఐ హ్యావ్" అన్నారు. కొంచెం ఆగి, "హ్యావ్ యూ?" అన్నారు.

"నాట్ యెట్."

"యెట్ అన్నది నీకు నేను చెప్పలే గదా? ఏడ నేర్సినవ్?"

తెలుగులో చెప్పకూడదు కదా. పిల్లలకు చెబుతుంటే విన్నానని ఇంగ్లీషులో చెప్పడం రాదు. నాకు వచ్చినంతలో వెతుక్కుని, "ఐ హ్యావ్ హర్డ్" అన్నాను.

అవతల నుంచి ముక్కు చీదుకున్న చప్పుడు వచ్చింది.

ఆ తరువాతి రోజులన్నీ అంతే. నాకు వచ్చినవి ఆ పాఠంలోని మాటలే. వాటితోనే అన్నీ మాట్లాడుకున్నాం. హ్యావ్ యూ టేకెన్ టాబ్లెట్. ద కాఫ్ హ్యాజ్ ఈటెన్ ద షర్ట్. ఇది మా దూడ సంగతి, ఆయన ఆరేసిన చొక్కా నమిలేసింది. అది చెప్పినప్పుడు ఆయన మంచం కిర్రుకిర్రుమనేలా నవ్వారు. "ఇంగ్లీషుల యూ ఒక్కటే. నువ్వు లేదు, మీరు లేదు. కోడళ్ల కోసమే పుట్టినట్టున్నది" అని ఒకరోజు అన్నారు. నాకు ఇంకా చాలా చెప్పాలని ఉండేది. మా అమ్మ గురించి, నా బడి గురించి, గరిటెతో కొట్టిన మొదటి రోజు నేను ఎంత భయపడ్డానో, నిలవని నా బిడ్డ గురించి. వాటికి కావలసిన ఇంగ్లీషు నా దగ్గర లేదు. మెల్లగా నేర్చుకుంటాను, చెబుతాను అనుకున్నాను.

ఆ రోజు తెల్లవారింది. అత్త పాలు పితుకుతోంది. నేను చాయ్ పెట్టి, తలుపు వెనక నిలబడి, "హ్యావ్ యూ స్లెప్ట్ వెల్?" అని అడిగాను.

జవాబు లేదు.

ఆయన పద్ధతి మీకు తెలుసు. తప్పు చెబితే ఏమీ అనరు, మనల్నే వెతుక్కోనిస్తారు. నేను తప్పు చెప్పాననుకున్నాను. స్లెప్ట్ అనేది తప్పేమో. స్లీప్ అని మార్చి అడిగాను. జవాబు లేదు. అదీ కాదేమో, వెల్ తీసేసి అడిగాను. హ్యాజ్ అని కూడా మార్చి చూశాను, అది తప్పని తెలిసి కూడా. చాయ్ చల్లారిపోతోంది. తలుపుకు తల ఆనించి, నేను మాట్లాడిన మాటలోనే ఎక్కడో తప్పుందని, అది దొరికితే ఆయన పలుకుతారని వెతుకుతూనే ఉన్నాను.

అత్త పాలచెంబుతో వచ్చి నన్ను చూసింది. నన్ను దాటుకుని లోపలికి వెళ్లింది. పాలచెంబు కింద పడిన చప్పుడు విన్నాను.

మా దగ్గర ఆడవాళ్లు పోయినవాళ్లతో మాట్లాడుతూ, రాగం తీసి ఏడుస్తారు. తండా ఆడవాళ్లందరూ వచ్చారు. ఎవరి మాట వాళ్లు ఆయనకు చెప్పుకున్నారు. నా కొడుక్కి చదువు చెప్పినవని ఒకరు, నా బిడ్డ పెండ్లికి వచ్చినవని ఒకరు. అత్త, తన మామ పోయిన రోజు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి నన్ను పట్టుకుని ఆయన ముఖం దగ్గరికి లాక్కెళ్లింది. నా నెత్తి మీది కొంగు తన చేత్తోనే వెనక్కి తీసేసింది.

"చెప్పు బిడ్డా. నీ మాటతోని చెప్పు. ఇగ అడ్డమేం లేదు."

ఆయన ముఖం నేను అప్పుడే పూర్తిగా చూశాను. కనుబొమ్మ మీద చిన్న మచ్చ ఉంది. చెవి దగ్గర పుట్టుమచ్చ ఉంది. అంత పెద్ద ముఖం కాదు. గొంతును బట్టి నేను ఇంకా పెద్ద మనిషి అనుకున్నాను.

చెప్పాలనుకున్నవి ఏవీ రాలేదు. "మామయ్యా" అని పిలిచాను. ఇంగ్లీషులో అడిగిన రోజుల్లో కూడా ఆయన్ను ఏమనీ పిలవలేదు నేను. పిలవడం అదే మొదటిసారి. అందరి ఏడుపులో అది ఎవరికీ వినబడి ఉండదు.

పుస్తకానికి ఇందులో ఏది పనికొస్తే అది తీసుకోండి. నిలవని బిడ్డ సంగతి, అత్త కొంగు తీసిన సంగతి అచ్చు వేయకండి. అచ్చయిన తరువాత ఈ కాగితాలు ఇంటికి పంపవద్దు, ఎక్కడా దాచవద్దు. మీ ఇంట్లో నీళ్లు కాగబెట్టే పొయ్యి ఉంటే అందులో వేయండి. అత్తకు చదవడం రాదు గానీ, ఎవరైనా చదివి వినిపిస్తారని నా భయం. పైగా ఇన్ని తప్పులతో ఉన్న నా రాత సారు శిష్యుల ఇళ్లలో ఉండడం నాకు సిగ్గు.

ఆయనకు మా వాకిట్లోనే స్నానం పోశారు. తరువాత మోసుకుని మా మెట్టపొలం చెలకలోకి వెళ్లారు. ఆడవాళ్లం తండా చివర ఆగిపోయి వెనక్కి వచ్చాం. వాకిట్లో ఆయన స్నానం నీళ్లు పారిన చోట నేల ఇంకా తడిగానే ఉంది. అత్త దాని పక్కన కూర్చుంది. నేనూ కూర్చున్నాను. కోళ్లు వస్తే అత్త చేత్తో అదిలించింది. ఎండ ఎక్కుతున్న కొద్దీ ఆ తడి అంచుల నుంచి లోపలికి ఆరుకుంటూ వచ్చింది. చాపంత అయింది, చాటంత అయింది, తరువాత అరచేయంత అయింది. మేమిద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఎవరమూ లేవలేదు.